76 ఏళ్లు మరుగున పడిన ఎన్నికల మూకీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత మూకీ సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఒక్క సినిమా చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ సినిమా 'ది లైఫ్ స్టోరీ ఆఫ్ డేవిడ్ లాయిడ్ జార్జ్'. తీసింది 1918లో. జనం మొదటిసారి చూసింది 1996లో. అడిగిన ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు రాద్దామని కూర్చున్నాను. కొన్ని పొడుగయ్యాయి, ఏమనుకోకండి.

అసలు ఏమిటీ సినిమా?

బ్రిటన్ ప్రధానమంత్రి డేవిడ్ లాయిడ్ జార్జ్ పదవిలో ఉండగానే ఆయన జీవితం మీద తీసిన పూర్తి నిడివి మూకీ. సుమారు రెండున్నర గంటలు. దర్శకుడు మారిస్ ఎల్వీ. ఐడియల్ ఫిల్మ్ కంపెనీ తరఫున హ్యారీ రోసన్, సైమన్ రోసన్ అనే అన్నదమ్ములు నిర్మించారు. కథ రాసింది సర్ సిడ్నీ లో అనే చరిత్రకారుడు, పాత్రికేయుడు. ఈయన అంతకు పన్నెండేళ్ల ముందే భారతదేశం తిరిగి వెళ్లి ఒక పుస్తకం కూడా రాశాడు. లాయిడ్ జార్జ్ వేషం వేసింది నార్మన్ పేజ్ అనే రంగస్థల నటుడు.

ఈ సినిమాకు 'ది మ్యాన్ హూ సేవ్డ్ ది ఎంపైర్' అనే మరో పేరు కూడా ఉంది. అంటే సామ్రాజ్యాన్ని కాపాడినవాడు. ఆ సామ్రాజ్యంలో మనం ఎటువైపు ఉన్నామో తెలిసిన వాళ్లం కాబట్టి, ఆ పేరు చదవగానే మన మొహంలో వచ్చే నవ్వు బ్రిటిష్ వాళ్ల మొహంలో రాదు.

అరుదైన సినిమా అని ఎందుకంటారు? మూకీలు చాలావరకు పోయాయి కదా?

పోయాయి, నిజమే. కానీ మిగతావి థియేటర్లలో ఆడి, అరిగి, ఎవరికీ అక్కర్లేక పోయాయి. ఇది ఒక్క ఆట కూడా పడకుండానే పోయింది. పాడవలేదు, కాలిపోలేదు, ఫ్లాప్ కాలేదు. డబ్బిచ్చి తీసుకెళ్లి దాచేశారు. అరుదైనది అనడానికి ఇంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

లాయిడ్ జార్జ్ ఎవరు? ఆయనకీ మనకీ ఏమైనా సంబంధం ఉందా?

పుట్టింది మాంచెస్టర్‌లో, 1863 జనవరి 17న. తండ్రి బడిపంతులు, మరుసటి ఏడాదే చనిపోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని వేల్స్‌లో లానిస్టుమ్‌డ్వీ అనే పల్లెకు, తమ్ముడి దగ్గరికి చేరింది. ఆ మేనమామ రిచర్డ్ లాయిడ్ చెప్పులు కుట్టేవాడు, జీతం లేకుండా చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. మేనల్లుణ్ణి చదివించడానికి తాను కూర్చుని ఫ్రెంచి, లాటిన్ నేర్చుకున్నాడు. మామ మీద గౌరవంతోనే ఈయన పేరులో 'లాయిడ్' స్థిరపడింది. లాయరై, 27 ఏళ్లకే ఎంపీ అయ్యాడు. 1908లో ఆర్థికమంత్రి, 1915లో ఆయుధాల శాఖ మంత్రి, 1916 డిసెంబరులో ప్రధాని.

మనకు సంబంధం కావలసినంత ఉంది. భారతదేశానికి క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామన్న 1917 ఆగస్టు నాటి మాంటేగు ప్రకటన ఈయన హయాంలోదే. రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్ కాల్పులు కూడా ఈయన ప్రధానిగా ఉన్నప్పటివే. ఐసీఎస్ అధికారగణాన్ని 'ఉక్కు చట్రం' అని 1922లో కామన్స్ సభలో (బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ) పొగిడింది కూడా ఈయనే. ఈ సినిమా చూసేటప్పుడు నా మనసులో ఒక మూల ఇవన్నీ తిరుగుతూనే ఉంటాయి.

ఇందులో ఎన్నికలు ఎక్కడున్నాయి?

ముందు 1890 ఉప ఎన్నిక గురించి చెప్పాలి. నియోజకవర్గం కార్నార్వన్ బరోస్. ఎదుటి అభ్యర్థి ఎలిస్ నాన్నీ. ఎవరో కాదు, లాయిడ్ జార్జ్ పెరిగిన పల్లెకు జమీందారు. చెప్పులు కుట్టేవాడి మేనల్లుడికీ, ఆ ఊరి దొరకీ పోటీ. మన సినిమాల్లో ఇలాంటి పోటీ పెడితే అతి అనిపిస్తుంది. అక్కడ నిజంగానే జరిగింది. ఓట్లు 1,963 - 1,945. మెజారిటీ 18.

ఈ 18 ఓట్ల వెనక ఇంకో కథ ఉంది. 1868 ఎన్నికల్లో వేల్స్‌లో జమీందార్లకు వ్యతిరేకంగా ఓటేసిన కౌలు రైతుల్ని పొలాల నుంచి వెళ్లగొట్టారు. అప్పట్లో ఓటు బహిరంగం, ఎవరు ఎవరికేశారో అందరికీ తెలిసిపోయేది. రహస్య ఓటు చట్టం 1872లో గానీ రాలేదు. ఐదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు తన చుట్టూ జరిగిన ఆ సంగతుల్ని లాయిడ్ జార్జ్ పెద్దయ్యాక సభల్లో గుర్తుచేసేవాడు. రహస్య ఓటు లేకపోతే ఆ 18 ఉండేవా అని నాకు అనుమానం.

ఒకసారి గెలిచిన ఆ సీటును ఆయన 1945 దాకా వదల్లేదు. 55 ఏళ్లు!

ఇక రెండో ఎన్నిక తెర మీద లేదు, తెర బయట ఉంది. సినిమా తీసిన ఏడాదిలోనే, 1918 డిసెంబరు 14న దేశమంతా పోలింగ్ జరిగింది. ఆ సంగతి కింద వస్తుంది.

మాటలే ఆయుధమైన నాయకుడి మీద మాటల్లేని సినిమా ఎలా తీశారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

లాయిడ్ జార్జ్ బలమంతా గొంతులో ఉంది. 1909లో లండన్‌లోని లైమ్‌హౌస్‌లో జమీందార్ల మీద చేసిన ప్రసంగం ఎంత ఘాటుగా ఉందంటే, ఆ ఊరి పేరే కొన్నాళ్లు ఇంగ్లీషులో 'ఏకిపారేయడం' అనే అర్థంలో వాడుకలోకి వచ్చింది. అలాంటి మనిషిని మూకీలో చూపించడమంటే గాయకుడి కథను పాటలు లేకుండా తీసినట్టే.

ఎల్వీ పట్టుకున్న దారి మంచిది. వక్త నోటి కంటే వినేవాళ్ల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాడు. ప్రసంగం అంటే జనం. ముందుకు వంగేవాళ్లు, లేచి నిలబడేవాళ్లు, పిడికిళ్లు బిగించేవాళ్లు, టోపీలు ఎగరేసేవాళ్లు. ఏం అన్నాడో టైటిల్ కార్డు (మూకీల్లో మాటల బదులు తెర మీద వచ్చే రాత) ఒక ముక్క చెప్పి తప్పుకుంటుంది, ఆ మాట ఎక్కడ తగిలిందో జనం మొహాల్లో కనిపిస్తుంది. నార్మన్ పేజ్ కూడా చేతులతో, తల తిప్పడంతో, భుజాలతో పని నడిపించాడు. ఎన్నికల సభల్లో దూరంగా నిలబడి, మైకు సరిగ్గా వినపడకపోయినా నాయకుడు ఏ మూడ్‌లో ఉన్నాడో ఒంటి తీరును బట్టి కనిపెట్టేవాళ్లు ఉంటారు కదా, సినిమా మనల్ని అలాంటి ప్రేక్షకుల్ని చేస్తుంది.

అన్నిచోట్లా ఇది పనిచేసిందని చెప్పను. పార్లమెంటు సీన్లు కొన్ని కార్డు, నటుడు, మళ్లీ కార్డు అన్నట్టు సాగుతాయి. అక్కడ నిద్ర రాకపోతే మీరు గట్టివాళ్లు.

బర్మింగ్‌హామ్ గొడవ సీన్ గురించి అందరూ చెబుతారు. అంత గొప్పగా ఉంటుందా?

ఉంటుంది. 1901 డిసెంబరు 18న నిజంగా జరిగిన సంఘటన అది. దక్షిణాఫ్రికాలో బోయర్లనే డచ్చి సంతతి వాళ్లతో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధం నడుస్తోంది. లాయిడ్ జార్జ్ ఆ యుద్ధాన్ని వ్యతిరేకించాడు. దేశమంతా యుద్ధోన్మాదంలో ఊగుతున్నప్పుడు వ్యతిరేకించడమే ఒక సాహసం. పైగా ఆ యుద్ధానికి ముఖ్య కారకుడని పేరున్న మంత్రి జోసెఫ్ చాంబర్లెన్ సొంత ఊరు బర్మింగ్‌హామ్‌కే వెళ్లి, టౌన్‌హాల్లో సభ పెట్టాడు. వేలమంది హాలు చుట్టుముట్టారు. కిటికీలు పగిలాయి, రాళ్లు పడ్డాయి, ప్రాణనష్టం కూడా జరిగింది. చివరికి పోలీసు యూనిఫాం వేసుకుని, పోలీసుల వరుసలో కలిసిపోయి ఆయన బయటపడ్డాడు.

తెర మీద ఇది నిజమైన గుంపులా ఉంటుంది. ఏదో నలుగురు ఎక్స్‌ట్రాల్ని అటూ ఇటూ పరిగెత్తించినట్టు ఉండదు. ఎల్వీ కెమెరా కాస్త దూరంగా, ఎత్తులో ఉండి జనం ఎలా కదులుతున్నారో చూపిస్తుంది. గుంపు సముద్రంలా లేచి గోడకు కొట్టుకుంటుంది. 1918లో బ్రిటిష్ సినిమా ఇంత దూరం వచ్చిందా అని ఆశ్చర్యపోయిన చరిత్రకారులున్నారు. ఈ సినిమా దొరికాక అప్పటి బ్రిటిష్ మూకీల మీద ఉన్న చిన్నచూపు కొంత తగ్గింది.

పొట్టి మనిషి పోలీసు టోపీలో ఎలా ఉంటాడో ఊహించుకోండి. సినిమా ఆ హాస్యాన్ని పెద్దగా వాడుకోలేదు. అంత మర్యాద!

రాజకీయ ఆశ మీద సినిమా అంటారు. కానీ ఇందులో హీరోకు ఆశే ఉన్నట్టు కనిపించదే?

మీ కళ్లు బాగా పనిచేస్తున్నాయి. ఈ సినిమాలో అసలు విషయం అదే.

తెర మీది లాయిడ్ జార్జ్ ఏ పదవీ కోరుకోడు. పేదల కష్టం చూస్తాడు, బాధపడతాడు, నిలబడతాడు, పదవులు వచ్చి వాలతాయి. వృద్ధాప్య పింఛను, ఆరోగ్య బీమా, యుద్ధం, ప్రతిదీ బాధ్యతే. ఎక్కడా మెట్లెక్కే మనిషి కనపడడు, మెట్లే ఆయన కాళ్ల కిందికి వచ్చి చేరుతుంటాయి.

నిజమైన మనిషి వేరు. 18 ఏళ్ల వయసులో, 1881లో, మొదటిసారి లండన్ వెళ్లి ఖాళీగా ఉన్న పార్లమెంటు సభను చూసి వచ్చి డైరీలో రాసుకున్నాడు: ఇంగ్లండును గెలవక ముందు విలియం రాజు ఆ దేశాన్ని చూసిన చూపుతో ఈ సభను చూశాను, ఇది నా రాబోయే రాజ్యం, అని. వెంటనే, ఎంత అహంకారం, అని తనను తానే దెప్పుకున్నాడు కూడా. తర్వాత కొన్నేళ్లకు, పెళ్లి చేసుకోబోయే మార్గరెట్ ఓవెన్‌కు రాసిన ఉత్తరం ఇంకా నిక్కచ్చి. నాకు పైకి రావడం ఒక్కటే ముఖ్యం, దానికి అడ్డొస్తే ప్రేమను కూడా నా 'జగర్‌నాట్' చక్రాల కిందికి తోసేస్తాను, అన్నాడు. జగర్‌నాట్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? మన పూరీ జగన్నాథుడి రథమే. వేల్స్ పల్లెటూరి కుర్రాడు కాబోయే భార్యకు రాసిన ప్రేమలేఖలోకి అది దొర్లుకుంటూ వెళ్లింది.

ఆ రథం సినిమాలో లేదు. నేను ఈ సినిమాను చూసేది ఆ లేనిదాని కోసమే. 1916 డిసెంబరులో సొంత లిబరల్ పార్టీ నాయకుడు, అప్పటి ప్రధాని ఆస్క్విత్‌ను తప్పించి తాను ప్రధాని అయిన తీరు చూడండి. యుద్ధ నిర్వహణకు చిన్న కమిటీ కావాలన్న పట్టు, రాజీనామాలు, మంతనాలు, ఎదుటి పార్టీ కన్సర్వేటివ్‌లతో పొత్తు. డిసెంబరు 5న ఆస్క్విత్ రాజీనామా, 7న ఈయన ప్రధాని. లిబరల్ పార్టీ ఆ దెబ్బకు రెండుగా చీలి, మళ్లీ కోలుకోలేదు. మంత్రిగా ఉండి మార్కోని కంపెనీ వాటాలు కొన్నాడన్న 1912 నాటి గొడవ సంగతి కూడా అంతే. తెర మీద వాటి ఊసుండదు.

సినిమాను ఎవరు ఆపారు?

జరిగింది ఇది. 1918 శరదృతువు నాటికి సినిమా దాదాపు సిద్ధం. అప్పుడు 'జాన్ బుల్' అనే పత్రిక రంగంలోకి దిగింది. దాని సంపాదకుడు హొరేషియో బాటమ్లీ. దేశభక్తిని కేకలేసి అమ్ముకునే రకం. రోసన్ సోదరుల అసలు ఇంటిపేరు రోసెన్‌బామ్ అని, వాళ్లు జర్మన్లతో సంబంధం ఉన్నవాళ్లని అర్థం వచ్చేలా రాశాడు. వాళ్లది యూదు కుటుంబం. యుద్ధం నడుస్తుండగా ప్రధాని మీద సినిమాను 'జర్మన్లు' తీశారన్న పుకారు అంటే, టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించండి. ఐడియల్ కంపెనీ పరువునష్టం దావా వేసింది.

ఆ తర్వాతిది హ్యారీ రోసన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఒక సొలిసిటర్, అంటే లాయరు, వచ్చాడు. 20,000 పౌండ్లు ఇచ్చాడు, అన్నీ వెయ్యి పౌండ్ల నోట్లు. నెగెటివ్, ప్రింట్ తీసుకుని టాక్సీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అంతే. ఆ టాక్సీ ఎటు పోయిందో 76 ఏళ్లు లోకానికి తెలియదు.

బాటమ్లీ సంగతి అడుగుతారని ముందే చెబుతున్నాను. అదే 1918 డిసెంబరు ఎన్నికల్లో దక్షిణ హ్యాక్నీ నుంచి ఇండిపెండెంట్‌గా ఎంపీ అయ్యాడు. నాలుగేళ్లకు, జనం దగ్గర విక్టరీ బాండ్ల పేరుతో వసూలు చేసిన డబ్బు మింగినందుకు ఏడేళ్ల జైలుశిక్ష పడింది.

బాటమ్లీ రాతలకే భయపడి సినిమా దాచేశారా?

అది ఒక్కటే కారణమైతే నాకు నమ్మబుద్ధి కాదు. పుకారుకు భయపడితే విడుదల వాయిదా వేస్తారు, అంత డబ్బు పోసి కొని దాచిపెట్టరు. ఎవరు డబ్బిచ్చారో, ఎవరు నిర్ణయించారో చెప్పే కాగితం ఏదీ బయటపడలేదు కాబట్టి చరిత్రకారులు తలో మాట అంటారు.

నా లెక్క ఇది. సినిమా మొదలుపెట్టినప్పటి రాజకీయం వేరు, పూర్తయ్యేనాటి రాజకీయం వేరు. 1918 నవంబరు 11న యుద్ధం ముగిసింది. వెంటనే ఎన్నికలు. లాయిడ్ జార్జ్ ఇప్పుడు కన్సర్వేటివ్‌ల పొత్తుతో గెలవాలి. ఆయన, కన్సర్వేటివ్ నాయకుడు బోనార్ లా కలిసి తమ అభ్యర్థులకు మద్దతు ఉత్తరాలు పంపారు. ఆస్క్విత్ వాటిని యుద్ధకాలపు రేషన్ కాగితాలతో పోల్చి 'కూపన్' అని వెక్కిరించాడు. అందుకే అది 'కూపన్ ఎన్నిక' అయింది.

ఇప్పుడు సినిమాలో ఏముందో చూడండి. హీరో జీవితమంతా ఎవరితో పోరాడాడు? కన్సర్వేటివ్‌లతో, జమీందార్లతో, ప్రభువుల సభతో (పార్లమెంటు ఎగువ సభ). బర్మింగ్‌హామ్‌లో ఆయన ప్రాణం తీయబోయిన గుంపు ఎవరి అభిమానులు? జోసెఫ్ చాంబర్లెన్ అభిమానులు. ఆ చాంబర్లెన్ కొడుకు ఆస్టిన్ చాంబర్లెన్ 1918 ఏప్రిల్ నుంచి లాయిడ్ జార్జ్ యుద్ధ మంత్రివర్గంలోనే కూర్చుని ఉన్నాడు! రేపు పొత్తులో ఓట్లు అడగాల్సిన పార్టీని విలన్‌గా చూపించే రెండున్నర గంటల సినిమా ఊరూరా ఆడితే ఎలా ఉంటుంది? పాత వీడియో క్లిప్పులు పొత్తుల కాలంలో ఎంత ఇబ్బంది పెడతాయో ఈ రోజుల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

దీనితోపాటు ఇంకోటి. సినిమాను అప్పటి పెద్దమనుషులు పామరుల వినోదం కింద చూసేవాళ్లు. ప్రధాని బొమ్మ ఆ తెర మీద, కామెడీ రీళ్ల పక్కన ఆడటం పదవికి తగదన్న గొణుగుడు ఉండే ఉంటుంది.

20,000 పౌండ్లు అంటే అప్పట్లో ఎంత?

ద్రవ్యోల్బణం లెక్కలు నాకు ఎప్పుడూ తృప్తినివ్వవు. ఈ సినిమాలోని వస్తువులతోనే కొలుద్దాం. లాయిడ్ జార్జ్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, 1909 జనవరి 1 నుంచి 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల పింఛను ఇవ్వడం మొదలైంది. పౌండుకు 20 షిల్లింగుల లెక్కన ఏడాదికి 13 పౌండ్లు. అంటే ఆ టాక్సీలో 1,500 మందికి పైగా ముసలివాళ్ల ఏడాది పింఛను వెళ్లిపోయింది.

ఇంకో కొలత. 1911 దాకా బ్రిటన్‌లో ఎంపీలకు జీతం లేదు. ఆస్తి లేనివాడు ఎంపీ కావాలంటే ఎవరో పోషించాలి. లాయిడ్ జార్జ్‌ను తొలి రోజుల్లో పోషించింది ఆయన తమ్ముడు విలియం. ఇద్దరి పేరున ఉన్న లా ఆఫీసును తానొక్కడే నడిపి, అన్న రాజకీయానికి డబ్బు సర్దాడు. 1911లో ఆర్థికమంత్రిగా లాయిడ్ జార్జే ఎంపీలకు ఏడాదికి 400 పౌండ్ల జీతం పెట్టాడు. 20,000 పౌండ్లు అంటే ఆ లెక్కన 50 ఏళ్ల జీతం. ఆయన ఎంపీగా ఉన్నది 55 ఏళ్లని పైన చెప్పాను కదా.

సినిమా విడుదలై ఉంటే 1918 ఎన్నిక మారేదా?

ఫలితం మారేది కాదు. సినిమా లేకుండానే పొత్తు 707 సీట్ల సభలో భారీ మెజారిటీతో గెలిచింది. ఆస్క్విత్ తన సొంత సీటు కూడా పోగొట్టుకున్నాడు.

కానీ ఆ ఎన్నికకు ఒక ప్రత్యేకత ఉంది. అదే ఏడాది వచ్చిన చట్టంతో 21 ఏళ్లు దాటిన మగవాళ్లందరికీ, 30 ఏళ్లు దాటి కొన్ని ఆస్తి షరతులకు సరిపోయే ఆడవాళ్లకూ ఓటు వచ్చింది. ఓటర్లు సుమారు 77 లక్షల నుంచి 2 కోట్ల 14 లక్షలకు పెరిగారు. ఈ కొత్త ఓటర్లు ఎవరు? కూలీలు, ఫ్యాక్టరీ వాళ్లు, గృహిణులు. సినిమా హాళ్లు నింపేది కూడా వాళ్లే. నాయకుడి జీవితకథను నేరుగా వాళ్ల ముందుకు తీసుకెళ్లే సాధనం చేతికొచ్చిన సమయానికి, దాన్ని వాడకుండా పెట్టెలో పెట్టేశారు.

మళ్లీ ఎలా దొరికింది?

1994లో. లాయిడ్ జార్జ్ మనవడు, ప్రభువుల సభ సభ్యుడు వైకౌంట్ టెన్బీ దగ్గర పాత ఫిల్మ్ రీళ్లు ఉన్నాయని తెలిసి, వేల్స్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్కైవ్ వాళ్లు తెచ్చి చూశారు. అందరూ పోయిందనుకున్న సినిమా అందులో ఉంది. ఎక్కడెక్కడో వెతికిన వస్తువు చివరికి ఇంట్లోవాళ్ల అటక మీదే దొరికినట్టు.

దొరికింది ఎక్కువగా నెగెటివ్. ముక్కలు ముక్కలుగా, వరుస లేకుండా ఉంది. ప్రేక్షకులు చూసిన ప్రింటు లేదు, చూసి రాసిన సమీక్షలూ లేవు, గుర్తున్నవాళ్లూ లేరు. ఏ షాట్ తర్వాత ఏది రావాలో ఆర్కైవ్‌లోని జాన్ రీడ్ కూర్చుని పేర్చాల్సి వచ్చింది. 1996 మేలో కార్డిఫ్‌లో, కొత్తగా కట్టిన సంగీతంతో, మొదటి ప్రదర్శన జరిగింది. దర్శకుడు, నిర్మాతలు, హీరో, కథానాయకుడైన అసలు మనిషి, అందరూ పోయాక పడిన మొదటి ఆట.

అన్నేళ్లు ఫిల్మ్ పాడవకుండా ఎలా ఉంది?

అదృష్టం, పైగా వాడకపోవడం. ఆ కాలపు ఫిల్మ్ నైట్రేట్. త్వరగా అంటుకుంటుంది, వేడికీ తేమకూ కరిగి జిగటగా మారి చివరికి పొడి అయిపోతుంది. అయితే ప్రొజెక్టర్‌లో తిరగలేదు కాబట్టి గీతలు లేవు. ఈ సినిమాలో కొన్ని చోట్ల బొమ్మ అంత శుభ్రంగా ఉండటానికి కారణం, దాన్ని ఎవరూ చూడనివ్వకపోవడమే. దాచినవాళ్లకు థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియని పరిస్థితి.

ఇది ప్రచార సినిమానే కదా? భజన ఎందుకు చూడాలి?

భజనే. నేను కాదనను. కానీ భజనలో కూడా ఏ పద్యం ఎత్తుకున్నారో చూస్తే ఆ కాలం అర్థమవుతుంది. యుద్ధం గెలిపించినవాడిగా చూపించడం ఎటూ ఉంటుంది. దానితో సమానంగా పింఛను, బీమా గురించి సినిమా తీరిగ్గా చెబుతుంది. ముసలితనం అంటే భయపడి బతికే పేదవాడికి ప్రభుత్వం డబ్బివ్వడమన్న ఆలోచన అప్పటికి పదేళ్ల పాతది మాత్రమే. సంక్షేమ పథకాన్ని తెర మీద ఇంత భావోద్వేగంతో చూపించిన తొలి సినిమాల్లో ఇదొకటి అనుకుంటాను. ఎన్నికల్లో పింఛను మాట ఎంత దూరం వెళ్తుందో తెలిసిన ప్రేక్షకులకు ఆ భాగం వేరేగా తగులుతుంది.

ఎన్నికల మీద ఇలాంటి మూకీలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి, రెండు చెబుతాను. 1896లో అమెరికా అధ్యక్ష అభ్యర్థి మెకిన్లీ తన ఇంటి పచ్చికలో నడిచి వచ్చే ఒక చిన్న ముక్క తీశారు. నిమిషం కూడా ఉండదు. ఎన్నికల ప్రచారానికి, సినిమాకు అక్కడే ముడిపడింది. 1929లో ఫ్రాన్స్‌లో జాక్ ఫేడే తీసిన 'లే నూవో మెస్యూ' దీనికి పూర్తి వ్యతిరేకం. కార్మిక సంఘం నాయకుడైన కరెంటు పనివాడు మంత్రి అయ్యే హాస్యకథ. నిద్రపోతున్న ఎంపీ కలలో పార్లమెంటు నిండా బ్యాలే నర్తకులు కనపడే సీను ఉంది. పార్లమెంటు గౌరవానికి భంగం అని సెన్సారు అడ్డుపడి, కత్తిరింపుల తర్వాత వదిలారు. పొగిడిన సినిమా పెట్టెలోకి వెళ్లింది, వెక్కిరించింది మాత్రం కోతలతోనైనా బయటికొచ్చింది.

ఎలా చూస్తే బాగుంటుంది? బోర్ కొట్టదా?

కొడుతుంది, కొన్నిచోట్ల. డీవీడీగా వచ్చింది, నీల్ బ్రాండ్ పియానోతో. ఆర్కైవ్ ప్రతి ఇప్పుడు అబరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయం సంరక్షణలో ఉంది. రెండు విడతలుగా చూడండి. బర్మింగ్‌హామ్ దాకా ఒకటి, మిగతాది మరోరోజు. యుద్ధం భాగం సాగుతుంది. శబ్దం కట్టేసి చూస్తానంటే వద్దు. మూకీలు ఏనాడూ నిశ్శబ్దంగా ఆడలేదు, హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు వాయించేవాళ్లు.

నటుల్లో మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇద్దరు. చాంబర్లెన్‌గా వేసిన ఎర్నెస్ట్ థెసిగర్ తర్వాత 1935లో హాలీవుడ్ ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలో పిచ్చి డాక్టర్ ప్రిటోరియస్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఇంకొకరు లాయిడ్ జార్జ్ చిన్న కూతురు మేగన్ వేషం వేసిన పడుచు పిల్ల, ఆల్మా రెవిల్. అప్పటికి ఆమెకు 19. ఎడిటింగ్, స్క్రిప్టు పనుల్లో తేలి, 1926లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన సినిమాల్లో తప్పులు పట్టే ఆఖరి కన్ను ఆమెదేనంటారు.

అసలు మేగన్ 1929లో ఆంగ్లసీ నుంచి పోటీ చేసి గెలిచి, వేల్స్ మొదటి మహిళా ఎంపీ అయింది. తండ్రి అప్పటికీ అదే కార్నార్వన్ సీట్లో ఉన్నాడు.